కొన్న పాటలు ఫోన్‌లోకి ఎక్కించుకోవడం ఎలా?

"డబ్బులిచ్చి కొన్నవే కదా, ఫోన్‌లో ఎందుకు రావడం లేదు?" ఈ మాట నన్ను ఎవరో ఒకరు అడగని నెల లేదు. అడిగేవాళ్లు మూడు రకాలు. బీరువా నిండా ఒరిజినల్ సీడీలున్నా, వాటిని తిప్పే ప్లేయర్ లేనివాళ్లు కొందరు. ఎప్పుడో ఆన్‌లైన్‌లో పాటలు కొని, ఫోన్ మార్చాక అవి ఎక్కడ పడ్డాయో తెలియనివాళ్లు ఇంకొందరు. నెలనెలా యాప్‌కి డబ్బు కడుతూ, అందులో 'డౌన్‌లోడ్' నొక్కిన పాట కారు పెన్ డ్రైవ్‌లోకి ఎందుకు రాదని అడిగేవాళ్లు మూడో రకం. మూడోవాళ్లకి జవాబు చిన్నదే కానీ కాస్త చేదుగా ఉంటుంది. దాంతోనే మొదలుపెడతాను.

ముందు మీ దగ్గరున్నది ఏమిటో తేల్చుకోండి

నెలవారీ యాప్‌లో డౌన్‌లోడ్ అయిన పాట మీ సొంతం కాదు, అద్దెది. ఆ ఫైల్‌కి తాళం వేసి ఉంటుంది, ఆ యాప్ తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. స్పాటిఫైలో అయితే 30 రోజులకు ఒకసారైనా నెట్‌కి కనెక్ట్ కావాలి, లేకపోతే డౌన్‌లోడ్ చేసుకున్నవి ఆగిపోతాయి. ఈ తాళాలు తీస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లు నెట్‌లో కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. అలాంటి తాళాలు తీయడం గురించి 2012 సవరణలో మన కాపీరైట్ చట్టంలో 65ఏ అనే సెక్షన్ చేర్చారు. పైగా ఆ సాఫ్ట్‌వేర్లతో పాటు మీ కంప్యూటర్‌లోకి ఇంకేం దిగుతుందో చెప్పలేం. ఆ పాట మీ దగ్గరే ఉండాలంటే అమ్మే చోట కొనుక్కోవాలి, లేదా సీడీ తెచ్చుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొన్న ఫైల్ అయితే దాని పేరు చివర చూడండి. ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్, వేవ్ అని ఉంటే దిగులు లేదు, ఏ ఫోన్‌కైనా ఎక్కించుకోవచ్చు. ఎం4పీ అని ఉంటే అది పాత ఐట్యూన్స్ (యాపిల్ వాళ్ల పాటల దుకాణం) తాళం ఉన్న ఫైల్. యాపిల్ 2009లో పాటలకు ఆ తాళం తీసేసింది, ఇండియాలో ఐట్యూన్స్ స్టోర్ మొదలైంది 2012 డిసెంబరులో. కాబట్టి ఇక్కడ కొన్నవాళ్లకి ఈ చిక్కు రాదు. అమెరికాలో చదువుకుంటున్న రోజుల్లో, 2009కి ముందు కొన్నవాళ్ల పాత హార్డ్ డిస్కుల్లో మాత్రం ఎం4పీలు బయటపడుతుంటాయి.

సీడీ అయితే అది ఆడియో సీడీనా, ఎంపీ3 సీడీనా చూడండి. ఆడియో సీడీలో మహా అయితే 80 నిమిషాల పాటలు పడతాయి. అంటే పది, పన్నెండు, పదిహేను పాటలు. అట్ట మీద 'యాభై పాటలు', 'వంద పాటలు' అని ఉంటే ఎంపీ3 సీడీ. ఎంపీ3 సీడీకి పెద్ద పనేం లేదు, ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు, నేరుగా నాలుగో మెట్టుకి వెళ్లిపోండి. బస్టాండ్ దగ్గర ప్లాస్టిక్ కవర్లో, ఫోటోస్టాట్ అట్టతో అమ్మిన డిస్కుల గురించి ఇక్కడ రాయడం లేదు. సెల్ షాపులో మెమరీ కార్డు ఇచ్చి 'ఎక్కించుకున్న' పాటల గురించి కూడా.

చట్టం సంగతి, రెండు ముక్కల్లో

మీరు కొన్న సీడీని మీ ఫోన్‌లో వినడానికి కాపీ చేసుకుంటే తప్పా అని చాలామందికి అనుమానం. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా చూడదు. 2012 సవరణతో అది కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు తప్ప అన్ని రకాల రచనలకూ వర్తించింది, ఎలక్ట్రానిక్‌గా దాచుకోవడాన్నీ కలిపింది. అదే ఫైల్‌ని వాట్సాప్ గ్రూపులో పెడితే, యూట్యూబ్‌లోకి ఎక్కిస్తే అది సొంత వాడకం కాదు. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి చట్టం చూసుకోండి. బ్రిటన్‌లో 2014లో ఇలాంటి వెసులుబాటు ఇచ్చి, 2015లో కోర్టు దాన్ని కొట్టేసింది.

కావలసినవి

- కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్. సీడీల పనికి ఇది తప్పదు. ఆన్‌లైన్‌లో కొన్న పాటలకైతే ఫోన్ ఒక్కటే సరిపోవచ్చు.
- సీడీ డ్రైవ్. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది ఉండదు. యూఎస్‌బీకి తగిలించే బయటి డీవీడీ డ్రైవ్ కొనండి, లేదా ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. జీవితంలో ఒక్కసారి చేసే పని, అరువు తెచ్చుకున్నా చాలు.
- డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్. 'డేటా వెళ్లే' అని ఊరికే రాయలేదు. ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను.
- ఫోన్‌లో ఖాళీ. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి సుమారు 2.4 ఎంబీ (కేబీపీఎస్ అంటే సెకనుకి ఎంత డేటా అన్న లెక్క, దాన్నే బిట్‌రేట్ అంటారు). గంట సీడీకి 145 ఎంబీ దాకా పడుతుంది. వంద సీడీలకి 15 జీబీ లోపే.
- మెత్తటి గుడ్డ. కళ్లద్దాలు తుడిచే గుడ్డ బాగుంటుంది.

1. సీడీని తుడవండి

మధ్య నుంచి అంచుకి, తిన్నగా గీత గీసినట్టు తుడవాలి. గుండ్రంగా తుడవొద్దు. గుండ్రంగా పడిన గీత పాట నడిచే దారి పొడవునా పడుతుంది, దాన్ని డ్రైవ్ సరిచేసుకోలేదు. అడ్డంగా పడిన చిన్న గీతనైతే సర్దుకుపోతుంది. బొమ్మ ఉన్న వైపు ఏమైనా పర్వాలేదని అనుకోకండి. నిజానికి పాట ఉన్న వెండిపూత ఆ బొమ్మకి సరిగ్గా కిందే ఉంటుంది, అటువైపు లోతుగా గీసుకుంటే ఆ పాట ఇక పోయినట్టే. సీడీని వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి. సూదిమొనంత చిల్లుల్లోంచి వెలుతురు వస్తే అక్కడ పూత రాలిపోయింది. అలాంటి సీడీల పని ముందు చూడండి, రేపటికి ఇంకా రాలుతుంది.

2. కంప్యూటర్‌లోకి 'రిప్' చేయండి, కాపీ చేయకండి

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, నేనూ వేశాను. మొదటిసారి సీడీ పెట్టి, ఫోల్డర్ తెరిచి, అందులో కనిపించిన పద్నాలుగు ఫైళ్లనూ ఎంచుకుని ఫోన్‌లోకి లాగేశాను. కన్ను మూసి తెరిచేలోగా కాపీ అయిపోయాయి. ఎంత స్పీడో అని మురిసిపోయాను కూడా. ఫోన్‌లో ఒక్కటీ పలకలేదు. విండోస్‌లో ఆడియో సీడీ తెరిస్తే కనిపించే సీడీఏ ఫైళ్లు పాటలు కావు, పాట ఎక్కడుందో చెప్పే చీటీలు. ఒక్కోటి 44 బైట్లు. పాటని ఫైల్‌గా మార్చి తీయాలి, దాన్నే రిప్ చేయడం అంటారు.

దీనికి దారులు చాలా ఉన్నాయి. మీకు సుళువైనది పట్టుకోండి.

విండోస్‌లో అన్నిటికంటే తేలిక 'విండోస్ మీడియా ప్లేయర్ లెగసీ'. స్టార్ట్ మెనూలో వెతకండి. సీడీ పెట్టాక పైన 'రిప్ సెట్టింగ్స్' కనిపిస్తుంది. రిప్ నొక్కే ముందే అందులో ఫార్మాట్‌ని ఎంపీ3కి మార్చండి, క్వాలిటీని 320కి లాగండి. మార్చకపోతే డబ్ల్యూఎంఏలో తీస్తుంది, అది చాలా ఫోన్లలో పలకదు. 'కాపీ ప్రొటెక్ట్ మ్యూజిక్' అన్న చోట టిక్ ఉంటే తీసేయండి. లేదంటే మీ సొంత సీడీకి మీరే తాళం వేసుకున్నట్టవుతుంది. తర్వాత 'రిప్ సీడీ' నొక్కండి.

మ్యాక్‌లో అయితే మ్యూజిక్ యాప్ తెరవండి. సీడీ పెట్టగానే 'ఇంపోర్ట్ సీడీ' వస్తుంది. ఇంపోర్ట్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ ఎంచుకుని, ఎర్రర్ కరెక్షన్ దగ్గర టిక్ పెట్టండి.

గీతలు పడ్డ సీడీలు ఎక్కువుంటే ఈ రెండూ పక్కన పెట్టండి. విండోస్‌లో 'ఎగ్జాక్ట్ ఆడియో కాపీ' అని ఉంది. మాట వినని చోట మళ్లీ మళ్లీ చదివి, చివరికి ఏ పాటలో ఎక్కడ తేడా వచ్చిందో చెప్తుంది. మొండిది, నిదానం, చూడటానికి పాతగా ఉంటుంది, నాకు నచ్చింది ఇదే. మ్యాక్, లినక్స్‌లకు కూడా కావాలంటే ఎఫ్-ఆర్-ఈ, కోలన్, ఏ-సీ అనే స్పెల్లింగ్‌తో ఒక ఉచిత ప్రోగ్రామ్ దొరుకుతుంది. ఏదైనా దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి.

బాగున్న సీడీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గీతలున్నది గంట తిన్నా తినొచ్చు. డ్రైవ్ గుర్రుగుర్రుమంటుంటే టెన్షన్ పడకండి, చదవడానికి తంటాలు పడుతోందంతే.

ఏ ఫార్మాట్ అంటే, వాదనలు మొదలుపెట్టకుండా నా లెక్క చెప్పేస్తాను. కంప్యూటర్‌లో దాచడానికి ఫ్లాక్. అందులో ఏమీ పోదు, సైజు సీడీలో దానికి దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతులు. ఫోన్‌లో వినడానికి 256 లేదా 320 ఎంపీ3. అసలు ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే ఒకే ఒక్క ఎంపీ3 320 తీసి ఊరుకోండి. యాభై, అరవైల నాటి మోనో పాటలకు 192 చాలు, ఆ రికార్డింగ్‌లో లేనిది బిట్‌రేట్ పెంచితే రాదు. ఇంకో మాట: మీ దగ్గర ఇప్పటికే ఉన్న 128 ఎంపీ3ని 320కి 'పెంచడం' అనే పని పెట్టుకోకండి. సైజు పెరుగుతుంది, పాట ఇంకాస్త పాడవుతుంది.

3. ఇక్కడే ఒకసారి సరిచూసుకోండి

ఫోన్‌లోకి పంపేశాక తప్పు దొరికితే మళ్లీ మొదటికొస్తుంది. సీడీ డ్రైవ్‌లో ఉండగానే చూసుకోండి.

సీడీ వెనక అట్ట మీద ఎన్ని పాటలున్నాయో ఫోల్డర్‌లో అన్ని ఫైళ్లున్నాయా? ఒక్కో పాట నిడివి సరిపోతోందా? ఐదు నిమిషాల పాట 320లో 12 ఎంబీ ఉండాలి. 3 ఎంబీ ఉంటే సెట్టింగ్ ఎక్కడో మారలేదు. చివరి పాట చివరి పది సెకన్లు తప్పకుండా వినండి. సీడీలో పాటలు లోపలి నుంచి అంచు వైపు వెళ్తాయి, చేతివేళ్లు తగిలేదీ గీతలు పడేదీ ఎక్కువగా ఆ అంచే. టిక్ టిక్ మనే చప్పుడు, పదం సగంలో మింగేసినట్టు ఉండటం వినిపిస్తే ఆ ఒక్క పాటనే మళ్లీ తీయండి. వేరే డ్రైవ్‌లో పెడితే ఒక్కోసారి బాగానే వస్తుంది. అదెందుకని అడగకండి, డ్రైవ్‌ల స్వభావాలు అంతే.

4. పేర్లు సర్దండి

బద్ధకించి వదిలేసే మెట్టు ఇది. ఆ తర్వాత ఫోన్‌లో 'ట్రాక్ 01' అనే పేరుతో నలభై పాటలు కనిపిస్తాయి. ఏది ఏదో బ్రహ్మకైనా తెలియదు.

ఫైల్ పేరు వేరు, లోపలుండే వివరాలు వేరు. ఫోన్ చూపించేది లోపలి వివరాలనే, వాటిని ట్యాగ్‌లు అంటారు. విండోస్‌లో 'ఎంపీ3ట్యాగ్' అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పనికి ఉంది. ఫోల్డర్‌ని అందులోకి లాగండి, ఎడమవైపు గడులు నింపండి, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే సేవ్ అవుతుంది.

మన సినిమా పాటలకు ఒక ప్రత్యేకమైన పీడ ఉంది. ఒకే సినిమాలో ఆరు పాటలుంటే వాటిని నాలుగు జంటలు పాడి ఉంటాయి. 'ఆర్టిస్ట్' గడిలో గాయకుల పేర్లు ఉంటాయి కాబట్టి ఫోన్ ఆ ఒక్క సినిమానీ నాలుగు ఆల్బమ్‌లుగా ముక్కలు చేసి చూపిస్తుంది. విరుగుడు 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే వేరే గడి. ఆరు పాటల్నీ కలిపి ఎంచుకుని, అందులో సంగీత దర్శకుడి పేరు ఒకేలా పెట్టండి. ముక్కలు అతుక్కుపోతాయి. నన్ను అడిగే ప్రశ్నల్లో పావు వంతు ఈ ఒక్క గడితో తీరిపోతాయి.

తర్వాతి పీడ స్పెల్లింగ్. ఘంటసాల పేరుని ఇంగ్లిష్‌లో ఒక కంపెనీ జీ తర్వాత హెచ్ పెట్టి రాస్తుంది, ఇంకొకరు పెట్టరు, మరొకరు మధ్యలో రెండు 'ఏ'లు కొడతారు. బాలసుబ్రహ్మణ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు: ఎస్పీబీ, ఎస్.పి. బాలు, చుక్కలున్నవి, లేనివి, హెచ్ ఉన్నవి, లేనివి. ఫోన్‌కి వీళ్లంతా వేర్వేరు మనుషులు. ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, కాగితం మీద రాసుకుని, ప్రతి సీడీకీ అదే వాడండి.

తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా? ఫోన్‌లో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. చాలా కార్ల స్టీరియోల్లో మాత్రం తెలుగు అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపిస్తాయి. పాటలు కారులో కూడా వినేవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడమే మేలు. తెలుగులో పెట్టినవి ఫోన్‌లోనూ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ఎంపీ3ట్యాగ్ ఆప్షన్లలో యూటీఎఫ్-16 ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి.

కర్ణాటక సంగీతం సీడీలకి 'ఆర్టిస్ట్'లో పాడినవారు, 'కంపోజర్'లో వాగ్గేయకారుడు పెట్టండి. రాగం పేరు పాట పేరులోనే చేర్చేయండి. "ఎందరో మహానుభావులు - శ్రీ" అన్నట్టు. రాగానికంటూ వేరే గడి ఉండదు, కామెంట్‌లో రాస్తే ఫోన్‌లో వెతికినప్పుడు చాలా ప్లేయర్లు పట్టించుకోవు.

అట్ట బొమ్మ కావాలంటే సీడీ కవర్‌ని ఫోన్‌తోనే ఫోటో తీసి చదరంగా కత్తిరించి పెట్టండి. 600 బై 600 చాలు. ఫోటోని అలాగే పెట్టేస్తే ఒక్కో పాటకీ నాలుగైదు ఎంబీ బరువు తోడవుతుంది.

5. ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి పంపడం

కేబుల్ తగిలించండి. ఫోన్ పైనుంచి నోటిఫికేషన్లు లాగితే 'ఈ డివైస్‌ని యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ చేస్తోంది' అని ఉంటుంది. దాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. కంప్యూటర్‌లో ఫోన్ ఒక డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. అందులో 'మ్యూజిక్' అనే ఫోల్డర్‌లోకి మీ పాటల ఫోల్డర్‌ని కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, మధ్యలో కేబుల్ ఊడితే రెండు చోట్లా లేకుండా పోతుంది.

అసలు ఆ నోటిఫికేషనే రాకపోతే? పదిలో ఎనిమిది సార్లు తప్పు కేబుల్‌దే. ఇయర్‌బడ్స్ డబ్బాలోనో, పవర్ బ్యాంక్‌తోనో వచ్చిన పొట్టి కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి. ఫోన్‌తో వచ్చిన కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ఫోన్ లాక్ తీసి ఉందో లేదో చూడండి. డ్రైవ్ ఖాళీగా కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ అదే.

మ్యాక్ దానంతట అది ఆండ్రాయిడ్ ఫోన్‌ని చూపించదు. 'ఓపెన్ఎంటీపీ' అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోవాలి.

కేబుల్ వద్దనుకుంటే విండోస్‌కి గూగుల్ 'క్విక్ షేర్' ఉంది. లేదా టైప్-సీ పెన్ డ్రైవ్ ఉంటే పాటలు అందులో వేసుకుని ఫోన్‌కి గుచ్చి, 'ఫైల్స్' యాప్‌తో కాపీ చేసుకోండి. ఊళ్లో ఉన్న నాన్నగారికి పాటలు పంపాలంటే నేను చేసేది ఇదే. ఆయన వినేదీ అదే పెన్ డ్రైవ్ నుంచి.

ఇక వినడానికి యాప్. వీఎల్‌సీ ఏ ఫార్మాట్ ఇచ్చినా కాదనదు. మ్యూజికోలెట్ అని ఇంకొకటి ఉంది, అసలు ఇంటర్నెట్ అనుమతే అడగదు, ప్రకటనల గోల లేదు. ఫోల్డర్ల ప్రకారం వినే అలవాటున్నవాళ్లకి ఇది బాగుంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు 'మ్యూజిక్, ఆడియో'కి అనుమతి అడుగుతుంది, వద్దని నొక్కారా, పాటలు కనిపించవు.

6. ఐఫోన్‌లోకి పంపడం

ఇక్కడ రెండు దారులున్నాయి. తేలికైనది ముందు.

ఐఫోన్‌లో వీఎల్‌సీ వేసుకోండి. అందులో నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'షేరింగ్ వయా వైఫై' ఆన్ చేస్తే ఒక అడ్రస్ చూపిస్తుంది. అదే వైఫైలో ఉన్న కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి ఆ అడ్రస్ కొట్టండి. వచ్చిన పేజీలోకి పాటలు లాగి వదలండి. అంతే. పాటలు ఎక్కేదాకా ఫోన్ స్క్రీన్ ఆరిపోకుండా చూసుకోండి. పేజీ తెరుచుకోకపోతే రెండూ నిజంగా ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడండి. ఆఫీసు, హోటల్ గెస్ట్ వైఫైల్లో పరికరాలను ఒకదానికొకటి కనపడనివ్వరు. ఇంటికెళ్లి చేసుకోండి.

యాపిల్ సొంత మ్యూజిక్ యాప్‌లోనే కావాలంటే కేబుల్‌తో సింక్ చేయాలి. మ్యాక్‌లో పాటల్ని మ్యూజిక్ యాప్‌లోకి చేర్చి, ఫోన్ తగిలించి, ఫైండర్‌లో ఫోన్ పేరు నొక్కి, 'మ్యూజిక్' ట్యాబ్‌లో సింక్ చేయండి. విండోస్‌లో ఐట్యూన్స్‌తో, లేదా కొత్తగా వచ్చిన యాపిల్ మ్యూజిక్, యాపిల్ డివైసెస్ జంటతో.

ఈ దారిలో వెళ్లేవాళ్లు మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఇంతకుముందు వేరే కంప్యూటర్‌తో సింక్ చేసిన ఫోన్ అయితే, కొత్త కంప్యూటర్ "ఉన్నవి తుడిచేసి సింక్ చేయనా?" అని అడుగుతుంది. చదవకుండా ఓకే కొట్టారంటే పాత పాటలన్నీ పోతాయి. ఫోన్‌లో 'సింక్ లైబ్రరీ' ఆన్‌లో ఉంటే కేబుల్‌తో పాటలు పంపడం కుదరదు. చివరిది, యాపిల్ మ్యూజిక్ లైబ్రరీ ఫ్లాక్‌ని తీసుకోదు. వాటిని యాపిల్ లాస్‌లెస్‌లోకి మార్చాలి, నాణ్యత పోదు. మార్చే ఓపిక లేనివాళ్లు తిరిగి వీఎల్‌సీకే రండి.

ఆన్‌లైన్‌లో కొన్నవైతే

బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట కొంటే డౌన్‌లోడ్ నొక్కే ముందు ఫార్మాట్ ఎంచుకోమంటుంది. ఫోన్‌కి ఎంపీ3 320, దాచడానికి ఫ్లాక్, రెండూ దించుకోవచ్చు, డబ్బు ఒక్కసారే. ఆల్బమ్ జిప్ ఫైల్‌గా వస్తుంది. అది అలాగే ఉంటే ప్లేయర్‌కి కనిపించదు. 'ఫైల్స్' యాప్‌లో దాన్ని నొక్కి ఎక్స్‌ట్రాక్ట్ చేసి, వచ్చిన ఫోల్డర్‌ని డౌన్‌లోడ్స్ నుంచి మ్యూజిక్‌లోకి జరపండి. కంప్యూటర్ అక్కర్లేదు.

ఐట్యూన్స్‌లో కొన్న ఎం4ఏ పాటలు 256 కేబీపీఎస్ ఏఏసీవి (ఏఏసీ కూడా ఎంపీ3 లాంటి ఒక ఫార్మాటే). ఆండ్రాయిడ్‌లో హాయిగా పలుకుతాయి, మార్చనక్కర్లేదు. ఎంపీ3లోకి మార్చి పాడుచేసుకునేవాళ్లని చూశాను. ఐట్యూన్స్ ప్రోగ్రామ్ వాడే కంప్యూటర్‌లో అయితే మ్యూజిక్ ఫోల్డర్, అందులో ఐట్యూన్స్, అందులో ఐట్యూన్స్ మీడియా, ఆ లోపల ఉంటాయి. అన్నట్టు ఆ ఫైళ్ల లోపల కొన్నవారి ఈమెయిల్ రాసి ఉంటుంది. ఎవరికో పంపే ముందు అది కూడా గుర్తుంచుకోండి.

కొన్న వెంటనే ఫైల్ దించుకోండి, "కావాలన్నప్పుడు చూద్దాంలే" అనుకోకండి. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో 'ఫ్లైట్' పేరుతో ఎంపీ3లు అమ్మడం మొదలుపెట్టి 2013 జూన్ 17న మూసేసింది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర ఆగిపోయింది, అందులోని లైబ్రరీలు 2021 ఫిబ్రవరి 24 తర్వాత చెరిపేస్తామని ముందే చెప్పింది. దించి పెట్టుకున్నవాళ్ల పాటలు ఇప్పటికీ మోగుతున్నాయి. ఐట్యూన్స్‌లోనూ అకౌంట్ దేశం మారిస్తే పాత కొనుగోళ్లు కొన్ని మళ్లీ దిగకపోవచ్చు. ఇండియా అకౌంట్‌ని అమెరికాకి మార్చబోయేవాళ్లు ముందు అన్నీ దించుకోండి.

7. చివరి పరీక్ష

ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పాట మొదలుపెట్టండి. వచ్చిందంటే అది నిజంగా మీ ఫోన్‌లోనే ఉంది. నెట్ ఉన్నప్పుడు పరీక్షిస్తే ఏదో యాప్ అదే పాటని స్ట్రీమ్ చేసి మిమ్మల్ని నమ్మించేయగలదు. తర్వాత స్క్రీన్ ఆపి పది నిమిషాలు వదిలేయండి. పాట మధ్యలో ఆగిపోతే ఫైల్ తప్పు కాదు, ఫోన్ బ్యాటరీ పొదుపు ఆ యాప్‌ని చంపేస్తోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. ఆల్బమ్ తెరిచి వరస చూడండి. మొదటి పాట తర్వాత పదోది వస్తోందంటే ట్రాక్ నంబర్ గడి ఖాళీగా ఉంది, నాలుగో మెట్టుకి వెళ్లి నింపండి.

ఇంకా రాకపోతే

*ఫైల్ మేనేజర్‌లో ఉంది, ప్లేయర్‌లో లేదు.* ఫోన్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి, కొత్త పాటలు లెక్కలోకి వస్తాయి. రాకపోతే ఆ ఫోల్డర్‌లో 'నోమీడియా' అనే పేరుతో దాగి ఉన్న ఫైల్ ఉందేమో చూడండి. అది ఉన్న ఫోల్డర్‌ని ప్లేయర్లు వదిలేస్తాయి. తీసేయండి.

*చిన్న శ్లోకాలు మాత్రం కనిపించడం లేదు.* చాలా ప్లేయర్లు 30 సెకన్లో, నిమిషమో కంటే చిన్న ఫైళ్లను రింగ్‌టోన్లనుకుని దాచేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ వడపోత తీయండి.

*ఒక పాట గట్టిగా, ఒకటి మెల్లగా.* పాత సీడీలు మెల్లగా, రెండువేల తర్వాతవి గట్టిగా ఉండటం మామూలే. ప్లేయర్‌లో 'రీప్లేగెయిన్' (పాటలన్నిటి సౌండ్‌నీ సమం చేసేది) ఉంటే ఆన్ చేయండి. అది పనిచేయాలంటే ముందు కంప్యూటర్‌లో ఫైళ్లని ఒకసారి స్కాన్ చేయాలి.

*ఫైల్ పేరు ఎంపీ3 అనే ఉంది, పలకదు.* ఎవరైనా పేరు మార్చి ఉంటారు. సీడీఏ అన్న చోట ఎంపీ3 అని టైప్ చేసినంత మాత్రాన పాట పుట్టదు. సైజు చూడండి. విండోస్‌లో పేరు చివర కనిపించకపోతే 'వ్యూ' మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేయండి.

*ఫోన్‌లో వస్తుంది, కారులో రాదు.* పెన్ డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉందా, పాటలు ఎంపీ3లేనా చూడండి. పాత స్టీరియోలు ఫ్లాక్‌ని గుర్తుపట్టవు.

అన్నీ అయ్యాక పాటల ఫోల్డర్‌ని ఒక బయటి హార్డ్ డిస్క్‌లో కూడా పెట్టండి. ఫోన్ పోయినా, కంప్యూటర్ చెడినా మళ్లీ మొదటి సీడీ నుంచి తుడవాల్సిన పని ఉండదు. సీడీలను అట్ట పెట్టెలో నిలువుగా పేర్చి, ఎండ, తేమ తగలని చోట దాచండి. వాటిని ఎవరికైనా ఇచ్చేస్తే మాత్రం వాటి నుంచి తీసిన కాపీలు మీ ఫోన్‌లోంచి తీసేయండి.